తెర వేచి ఉండటం నేర్చిన కథ

మా మనుమడు కొత్తగా కొనుక్కున్న గేమింగ్ మానిటరు పెట్టె మీద 144 హెర్ట్జ్ అని పెద్ద అక్షరాలతో అచ్చు వేసి ఉంది. తీరా ఆట మొదలుపెట్టి, తెర మూలన రిఫ్రెష్ రేటు చూపే అంకెను గమనిస్తే అది 144 దగ్గర ఒక్క క్షణమైనా నిలవడం లేదు. ఒకసారి 91, మరుక్షణం 76, మంటలూ పొగా కమ్మిన చోట 58, ఖాళీ మైదానంలోకి రాగానే 120. "తాతయ్యా, కొట్టువాడు నన్ను మోసం చేశాడు" అన్నాడు వాడు, ఇంచుమించు ఏడుపు గొంతుతో.

అదే పెట్టె మీద, అంకె పక్కనే, చిన్న అక్షరాలతో అడాప్టివ్ సింక్ అని మరొక మాట ఉంది. ఆ మాటకు అర్థం తెలిస్తే మోసం ఏమీ లేదని తెలుస్తుంది. అయితే ఆ అర్థం చెప్పాలంటే సుమారు నూరేళ్ళు వెనక్కి వెళ్ళాలి.

రిఫ్రెష్ రేటు అంటే తెర ఒక సెకనులో ఎన్నిసార్లు తన బొమ్మను తిరిగి గీసుకుంటుందో ఆ లెక్క. 60 హెర్ట్జ్ తెర 16.7 మిల్లీసెకన్లకొకసారి, 144 హెర్ట్జ్ తెర 6.9 మిల్లీసెకన్లకొకసారి గీసుకుంటుంది. ఇక్కడ పనివాళ్ళు ఇద్దరున్నారు. బొమ్మను తయారుచేసేది గ్రాఫిక్స్ కార్డు. దాన్ని చూపేది తెర. ఈ ఇద్దరిలో ఎవరు ఎవరి కోసం ఆగాలన్నదే ఈ చరిత్ర అంతా.

మొదట సినిమా సంగతి. మూకీల కాలంలో కెమెరాను చేత్తో తిప్పేవారు కాబట్టి వేగం ఒక్క తీరుగా ఉండేది కాదు. శబ్దం వచ్చాక చెవి ఆ హెచ్చుతగ్గులను సహించలేదు. 1920ల చివరికి సెకనుకు 24 ఫ్రేములన్న లెక్క స్థిరపడింది. కాని వెలుగు సెకనుకు 24 సార్లే వెలిగి ఆరితే కంటికి మిణుకు తెలుస్తుంది. అందుకని ప్రొజెక్టరులో తిరిగే షట్టరుకు రెండు, మూడు రెక్కలు పెట్టి, ఒకే ఫ్రేమును రెండుసార్లో మూడుసార్లో చూపారు. బొమ్మలు 24, మెరుపులు 48 లేదా 72. ఈ ఉపాయాన్ని గుర్తుంచుకోండి, చివరలో మళ్ళీ పనికివస్తుంది.

తరువాత గాజు గొట్టం వచ్చింది. 1897లో జర్మనీలో ఫెర్డినాండ్ బ్రౌన్ చేసిన క్యాథోడ్ కిరణ నాళికే దశాబ్దాల తరబడి టెలివిజనుకూ కంప్యూటరుకూ తెర అయింది. ఎలక్ట్రాన్ల కిరణం పై నుంచి కిందికి గీత వెంట గీత గీస్తూ పోతే ఫాస్ఫరు పూత వెలుగుతుంది. ఆ వెలుగు వెంటనే ఆరిపోతుంది గనుక కిరణం మళ్ళీ పైకి వెళ్ళి గీయక తప్పదు. ఒక్క క్షణం ఆగితే తెర చీకటి. అమెరికాలో విద్యుత్తు 60 హెర్ట్జ్ కాబట్టి అక్కడ 1941 నాటి ప్రమాణంలో సెకనుకు 60 క్షేత్రాలు పెట్టారు. యూరపులో, మన దేశంలో విద్యుత్తు 50 హెర్ట్జ్. మన దూరదర్శన్ 625 గీతలతో సెకనుకు 50 క్షేత్రాలు ప్రసారం చేసింది. విద్యుత్తు లయతో బొమ్మ లయ కలవకపోతే తెర మీద చారలు పాకేవి. ఆ విధంగా కరెంటు లయే తెరకు తాళమయింది.

కంప్యూటర్లు ఆ గొట్టాన్నే పంచుకున్నాయి. 1987లో ఐబీఎం తెచ్చిన వీజీఏలో 640×480 చుక్కల బొమ్మకు 60 హెర్ట్జ్, అక్షరాల తెరకు 70 హెర్ట్జ్. కళ్ళు నొప్పి పుడుతున్నాయని తరువాత 75కూ 85కూ పెంచుకున్నవాళ్ళం మనలో చాలామందిమి. ఆ పైన ఎల్‌సీడీ వచ్చింది. అందులో కిరణం లేదు, ఆరిపోయే పూత లేదు. ప్రతి చుక్కా తనకిచ్చిన రంగును తరువాతి ఆజ్ఞ వచ్చేదాకా పట్టుకుని ఉంటుంది. నిరంతరం గీయవలసిన కారణం పోయింది గాని గీసే ఆచారం పోలేదు. పాత తీగలకే, పాత సంకేతాలకే తగిలించవలసిన తెర కాబట్టి 60 అన్న అంకె అలాగే మిగిలింది.

సినిమాకు దీనివల్ల పెద్ద బాధ లేదు, అక్కడ బొమ్మలన్నీ ముందే సిద్ధం. ఆటలో అలా కాదు. ప్రతి బొమ్మనూ అప్పటికప్పుడు లెక్కగట్టి తయారుచేయాలి. ఒకటి 9 మిల్లీసెకన్లలో అయితే మరొకటి 20 పడుతుంది. తెర సగం గీసేసరికి కొత్త బొమ్మ వచ్చి పడితే పైభాగం పాతదీ కిందిభాగం కొత్తదీ అయి, నడుమ చిరుగు కనిపిస్తుంది. దీన్నే టేరింగ్ అన్నారు. దానికి విరుగుడుగా వీ-సింక్ పెట్టారు: తెర ఒక చుట్టు ముగించేదాకా బొమ్మ ఆగాలి. చిరుగు పోయింది, కుదుపు వచ్చింది. 60 హెర్ట్జ్ తెరకు 16.7 మిల్లీసెకన్లలో అందవలసిన బొమ్మ 17లో వస్తే, బండి తప్పిపోయిన ప్రయాణికుడిలా 33.3 దాకా కూర్చోవాలి. ఆలస్యం రవ్వంత, శిక్ష రెట్టింపు.

పౌరాణిక నాటకాలు చూసినవారికి ఒక పోలిక చెబుతాను. తాళానికి కట్టిన కీర్తనలో గాయకుడు ఆవృత్తాన్ని దాటి పోలేడు. అదే రంగస్థలం మీద పద్యం ఎత్తుకున్న నటుడు రాగం ఎంత సాగదీస్తే హార్మోనిస్టు అంతసేపూ అతడి వెంటే ఉండి, పాదం ముగిశాక మెట్టు మారుస్తాడు. తెరకు కావలసింది ఆ హార్మోనిస్టు ఓర్పు.

2013 అక్టోబరులో మాంట్రియల్‌లో ఎన్విడియా సంస్థ జి-సింక్‌ను ప్రకటించింది. మానిటరు లోపల ప్రత్యేకమైన పలక ఒకటి అమర్చి, బొమ్మ సిద్ధమయ్యేదాకా తెరను ఆపింది. 2014 జనవరిలో లాస్ వేగాస్‌లో ఏఎండీ సంస్థ అదనపు పలక లేకుండా ఆ పనినే మామూలు ల్యాప్‌టాప్‌ల మీద చేసి చూపి, ఫ్రీసింక్ అని పేరు పెట్టింది. ల్యాప్‌టాప్ తెరల ప్రమాణంలో ఈ సౌకర్యం 2009 నుంచే ఉంది. 2014 మేలో వెసా సంస్థ దాన్నే అడాప్టివ్-సింక్ అన్న పేరుతో డిస్‌ప్లేపోర్ట్ 1.2ఏ ప్రమాణంలో చేర్చింది.

చేసిన పని వింటే ముచ్చట వేస్తుంది. గొట్టపు రోజుల్లో కిరణం అడుగు నుంచి పైకి తిరిగి వెళ్ళడానికి కొంత విరామం ఇచ్చేవారు. కిరణం పోయాక కూడా సంకేతంలో ఆ విరామం మిగిలే ఉంది. అడాప్టివ్ సింక్ సాగదీసేది సరిగ్గా ఆ విరామాన్నే. బొమ్మ గీసే వేగం మారదు, రెండు బొమ్మల నడుమ నిరీక్షణ మారుతుంది. బొమ్మ 11 మిల్లీసెకన్లకు అందితే ఆ క్షణాన తెర వేగం 91 హెర్ట్జ్, 17కు అందితే 59.

ఈ ఓర్పుకూ హద్దులున్నాయి. ఎల్‌సీడీ చుక్క పట్టుకున్న విద్యుదావేశం మెల్లగా జారిపోతుంది గనుక ఎంతసేపైనా ఆగమనడం కుదరదు. 48 నుంచి 144 హెర్ట్జ్ దాకా అని తయారీదారు ఒక పరిధి చెబుతాడు. ఆట 30 ఫ్రేములకు పడిపోతే ఒక్కొక్క ఫ్రేమును రెండుసార్లు చూపి తెరను 60 దగ్గర నడిపిస్తారు. ఇది సినిమా షట్టరు ఉపాయమే కదా! పరిధి 48 నుంచి 75 మాత్రమే అయితే ఈ ఉపాయం అన్నివేళలా పారదు: 40ని రెట్టిస్తే 80, అది 75 దాటిపోతుంది. కార్డు 144కు మించి బొమ్మలు కుమ్మరిస్తే పాత చిరుగో, పాత నిరీక్షణో మళ్ళీ తప్పదు. వేగం చప్పున మారినప్పుడు కొన్ని తెరల మీద వెలుగు మిణుకుమనడమూ ఉంది.

2017 నవంబరులో హెచ్‌డీఎంఐ 2.1 ఈ పద్ధతిని టీవీలకు తెచ్చింది. 2019 జనవరిలో ఎన్విడియా తన పలక లేని మానిటర్లను కూడా అంగీకరించింది. అప్పటికి పరీక్షించిన 400 మానిటర్లలో 12కే యోగ్యతాముద్ర దక్కింది. పెట్టె మీది మాటకూ తెర నడతకూ మధ్య ఎంత ఎడముందో ఆ అంకె చెబుతుంది. 2022 మేలో వెసా కూడా పరీక్షలు నిర్ణయించి ముద్ర వేయడం మొదలుపెట్టింది.

మనుమడికి ఇదంతా చెప్పి, అడాప్టివ్ సింక్ ఆపి అదే ఆట ఆడమన్నాను. మూలన అంకె 144 దగ్గర బిగుసుకుని కూర్చుంది. మంటల దగ్గరకు వెళ్ళగానే తెర నడుమ చిరుగు కనబడింది. రెండు నిమిషాలు చూసి, వాడే మళ్ళీ దాన్ని పెట్టుకున్నాడు. అంకె కదలడం మొదలైంది. ఈసారి వాడు దానివైపు చూడలేదు.