వడ్డాది పాపయ్య

వడ్డాది పాపయ్య (10 సెప్టెంబరు 1921 – 30 డిసెంబరు 1992) తెలుగు చిత్రకారుడు. పిల్లల మాసపత్రిక ‘చందమామ’ ముఖచిత్రాలతో ప్రసిద్ధుడు. ‘వ.పా.’ పేరుతో సంతకం చేసేవారు.

జీవితం: శ్రీకాకుళంలో జన్మించారు. డ్రాయింగు మాస్టారైన తండ్రి రామ్మూర్తే తొలి గురువు. రాజా రవివర్మ చిత్రాల ప్రభావం చిన్నతనంలోనే పడింది. తరువాతి కాలంలో అనకాపల్లి దగ్గరి కశింకోటలో నివసించారు.

వృత్తి: తొలి చిత్రాలు ‘భారతి’ వంటి పత్రికల్లో వచ్చాయి. నాగిరెడ్డి, చక్రపాణి 1947 జులైలో మద్రాసులో ‘చందమామ’ ప్రారంభించారు. దానికి పాపయ్య దశాబ్దాల పాటు బొమ్మలు వేశారు. తోటి చిత్రకారులు చిత్రా, శంకర్ ప్రధానంగా లోపలి కథలకు బొమ్మలు గీయగా, ముఖచిత్రాల్లో పాపయ్యది ప్రత్యేక స్థానం. ‘యువ’, ‘స్వాతి’ పత్రికలకూ చిత్రాలు అందించారు.

శైలి: పురాణ ఘట్టాలు, జానపద కథలు, ఋతువులు, పల్లె స్త్రీలు ఆయనకు ఇష్టమైన వస్తువులు. మెరిసే రంగులు, ఒంపు తిరిగిన రేఖలు, నగల్లోనూ చీర అంచుల్లోనూ కనిపించే నగిషీ ఆయన ముద్ర.

ప్రాధాన్యం: చిత్రశాల గడప తొక్కని పల్లెటూరి పిల్లలకు సైతం మేలైన వర్ణచిత్రాన్ని పత్రిక అట్టపైనే అందించిన ఘనత ఆయనది. తెలుగు బాలసాహిత్య చిత్రకళలో ఆయన స్థానం అగ్రగణ్యం.