సింగపూర్‌లో ధరలకు కళ్లెం వేసేది వడ్డీ కాదు, డాలరే!

సింగపూర్‌లో తినే తిండిలో 90 శాతానికి పైగా దిగుమతే. అందుకే ధరలు పెరిగినప్పుడు ఇక్కడి మానిటరీ అథారిటీ వడ్డీ రేట్ల జోలికి పోదు. 1981 నుంచీ దాని ఆయుధం మారకపు విలువే. సింగపూర్ డాలర్ బలపడితే బయటి సరుకు చౌకగా దిగుతుంది. 2021 అక్టోబర్ నుంచి ఏడాదిలో ఐదుసార్లు ఈ పగ్గం బిగించినా, 2023 ఆరంభంలో కోర్ ద్రవ్యోల్బణం 5.5 శాతం దాకా వెళ్లాకే దిగింది. ఆ జనవరిలో జీఎస్‌టీ 7 నుంచి 8 శాతానికి పెరగడమూ కొంత కారణం.

అసలు సరుకే రాకపోతే బలమైన డాలర్ ఏం చేస్తుంది? 2022 జూన్‌లో మలేసియా కోళ్లను ఆపేసింది. 2023 జులైలో భారత్ బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతిని ఆపేసింది. మన ఇళ్లలో సోనామసూరి బెంగ అప్పటిదే.

ఇంకో మెలిక: వడ్డీని మానిటరీ అథారిటీ నిర్ణయించదు కాబట్టి, ఇక్కడి ఇంటి అప్పుల వడ్డీ చాలావరకు అమెరికా ఫెడ్ వెంటే నడుస్తుంది.