అహల్య శిల అయినదా?



ప్రాతఃస్మరణములో పంచకన్యల పేర్లు చెప్పునప్పుడు మొదట వచ్చునది అహల్యాదేవి పేరు. గౌతమ మహర్షి శాపముచే ఆమె రాయి అయినదనియు, శ్రీరాముని పాదధూళి సోకి తిరిగి స్త్రీ అయినదనియు మన తెలుగునాట పసిపిల్లలు కూడ చెప్పుదురు. మేమును చాలకాలము అట్లే చెప్పితిమి. ఒకమారు బాలకాండ ప్రవచనము ముగిసిన పిదప ఒక వృద్ధ సువాసిని మా దగ్గరకు వచ్చి, "శాస్త్రులుగారూ! ఋషిపత్నిని, తల్లివంటి ఆమెను, రాముడు కాలితో తాకునా?" అని అడిగినది. పాఠశాలలో శ్లోకములు వల్లించినవారమే గాని ఆమెకు అప్పటికప్పుడు సమాధానము చెప్పలేకపోతిమి. ఇంటికి వచ్చి గ్రంథము తెరచి చూచుకొంటిమి.

వాల్మీకములో శిల లేదు. 48వ సర్గలో గౌతముడిచ్చిన శాపము వేరు. గాలియే ఆహారముగా, బూడిదలో పరుండి, ఏ ప్రాణికిని కనబడక ఈ ఆశ్రమముననే వేల సంవత్సరములు తపింపుమనుట ఆ శాపము. రాముడు వచ్చినపుడు ఆతనికి ఆతిథ్యమిచ్చి పవిత్రురాలవగుదువని దానికి అంతము. 49వ సర్గలో రామలక్ష్మణులు ఆశ్రమము ప్రవేశించిరి, ఆమె కనబడినది. అప్పుడు అన్నదమ్ములిద్దరును ఆమె పాదములు పట్టి నమస్కరించిరి! ఆమె వారికి అర్ఘ్యపాద్యములిచ్చినది. ఇన్నాళ్లు వాల్మీకి పేరు పెట్టి మేము చెప్పినది వాల్మీకిది కాదు.

మరి శిల ఎక్కడిది? కాళిదాసు రఘువంశము 11వ సర్గలో ఉన్నది. ద్రావిడమున కంబ రామాయణములో ఉన్నది. మన మొల్ల రామాయణములోనైతే గుహుడు, రాయి ఆడుది అయినట్లే తన ఓడ ఏమగునో యని రాముని పాదములు కడుగును. అంత చక్కని ఘట్టమును కాదనుటకు ఎవరికి మనసొప్పును? అధ్యాత్మ రామాయణము ఈ రెంటికిని నడుమ నిలిచినది. అందలి శాపములో 'శిలాయాం' అని సప్తమీ విభక్తి. శిలయందు ఉండుమని యర్థమే గాని శిలవు కమ్మని కాదు. రాముడు పాదముతో తాకినది ఆ శిలను. ఆ తపోధన కనబడగనే తాను రాముడనని చెప్పి నమస్కరించును. ఆ సువాసిని అడిగిన ప్రశ్నయే ఈ గ్రంథకర్తకును తోచినదేమో!

ఇంతకంటె కఠినమైన ప్రశ్న ఇంకొకటి కలదు. ఆమె తెలిసి తప్పినదా? బాలకాండలో మునివేషములో వచ్చినవాడు ఇంద్రుడని ఆమె గుర్తించినదనియే యున్నది. (వేయి కన్నులు శాపము వలన వచ్చినవందురు గాని, శాపమునకు ముందే వాల్మీకి ఇంద్రుని సహస్రాక్షుడనెను.) ఉత్తరకాండలో అహల్య తాను మోసపోతిననియు, కోరి చేయలేదనియు భర్తకు చెప్పుకొన్నది. ఉత్తరకాండ ప్రక్షిప్తమని కొందరు తోసివేయుదురు. మాకు అంత తొందర లేదు. కాని బాలకాండ మాటను దాచి రెండవదే చెప్పుట ప్రవచనకారునికి తగదు. తెలిసి తప్పి, తపించిన ఆమెకే రాముడు మ్రొక్కెనని యొప్పుకొన్నచో కథకు లోటేమి?

వేదమున సోమయాగములో సుబ్రహ్మణ్యుడను ఋత్విజుడు ఇంద్రుని 'అహల్యాజారుడ'ని పిలుచును. శతపథ బ్రాహ్మణములో ఇది కలదు. కుమారిల భట్టు తంత్రవార్తికములో దీనిని వివరించుచు, ఇంద్రుడనగా సూర్యుడు, అహల్య యనగా పగటియందు లయించు రాత్రి, దానిని జరింపజేయును గనుక జారుడు అనెను. ఉత్తరకాండలో బ్రహ్మ చెప్పిన అర్థము వేరు: 'హలము' అనగా వైరూప్యము, అది లేనిది అహల్య. కుమారిలుని మాట యాగశాలలో మాకు ఆదరణీయమే. అయితే శతానందుని యెదుట దానిని చెప్పజాలము.

శతానందుడు జనకుని పురోహితుడు, గౌతముని జ్యేష్ఠపుత్రుడు. 51వ సర్గలో విశ్వామిత్రుడు మిథిలకు రాగానే అతడు ఆత్రముతో ప్రశ్న మీద ప్రశ్న వేయును. మా తల్లిని రామునికి చూపితిరా? ఆమె అతనిని పూజించినదా? మా తండ్రి ఆమెతో కలసెనా? అట్లు అడుగుచు ఆ తల్లిని 'యశస్విని' అనెను. చేయవలసినది చేసితిననియు, జమదగ్నితో రేణుక వలె ఆమె మునితో కలసినదనియు విశ్వామిత్రుడు అతనికి చెప్పెను.