మళ్లీ నింపదగిన డబ్బా, నింపకూడని డబ్బా

మన ఇళ్లలో దోమలకు కొట్టిన ఫ్లిట్ పంపు గుర్తుందా? మందు అయిపోతే ఆ రేకు డబ్బాలోనే మళ్లీ పోసుకునేవారం. 1941లో అమెరికా శాస్త్రవేత్తలు గుడ్‌హ్యూ, సలివాన్ వాయుపీడనంతో మందు చిమ్మే డబ్బాను రూపొందించారు. అది ఖాళీ అయితే పారవేయడమే. అందులో వాడిన సీఎఫ్‌సీ వాయువులు ఓజోన్ పొరకు చేటని తేలాక, 1987లో మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. గాలి ఎక్కించి మళ్లీ నింపుకునే స్ప్రే డబ్బాలు చెత్తను తగ్గిస్తాయి; ఇది మంచి మార్గమే.

అయితే చిలకలూరిపేట పత్తి, మిర్చి పొలాల వారికి ఒక హెచ్చరిక. 1987–88లో తెల్లదోమ గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిని దెబ్బతీసింది. రైతులు మందు మీద మందు కొట్టారు. ఆ ఖాళీ డబ్బాల సంగతేమిటి? వాటిని పగులగొట్టి, నివాసాలకు దూరంగా పూడ్చాలని 1971 నాటి పురుగుమందుల నిబంధనలే చెప్పాయి. 2013లో బీహార్‌లోని సారణ్ జిల్లాలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు మరణించారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ ఉన్నట్లు పరీక్షల్లో తేలింది.

పురుగుమందు విషమెక్కినవారికి అట్రోపిన్ ఇచ్చిన వైద్యుడిగా చెబుతున్నాను: ఖాళీ డబ్బాను మూడుసార్లు కడిగి, ఆ నీటిని స్ప్రేయర్ ట్యాంకులోనే పోసి, డబ్బాకు చిల్లులు పొడవండి. స్ప్రేయర్‌ను వందసార్లు నింపండి. మందు డబ్బాలో మాత్రం నూనె గాని, నీళ్లు గాని ఒక్కసారి కూడా పోయకండి.