కోరమాండల్ తీర రక్షణలో ‘సెంచూరియన్’ నౌక: నెల్లూరు సముద్రం నుండి 1804 విశాఖ రేవు పోరు వరకు

వ్యాససంగ్రహం

పందొమ్మిదో శతాబ్ది ఆరంభంలో తెలుగువారి సముద్రతీరం బ్రిటన్, ఫ్రాన్సు దేశాల నౌకాయుద్ధానికి వేదికైంది. 1804, 1805 సంవత్సరాలలో పదకొండు నెలల వ్యవధిలో ఈ తీరంలో మూడు పోరాటాలు జరిగాయి. వీటిలో మధ్యది విశాఖపట్నం రేవులో జరిగింది. అందులో బ్రిటిష్ ప్రభుత్వ నౌక ‘సెంచూరియన్’ ఒంటరిగా మూడు ఫ్రెంచి నౌకలను ఎదుర్కొంది. ఆ నౌక సేవాచరిత్రను, అది కాపాడవలసిన తీరం స్థితిగతులను, ‘విజయం’గా పేరొందిన ఆ పోరు ఫలితాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: సెంచూరియన్, నెల్లూరు తీరం, ఆర్మగాన్, విశాఖపట్నం, లినోయి, రైనియర్, కోరమాండల్ వర్తకం.

1. ఓడకు చోటులేని తీరం

పులికాట్ నుండి ఉత్తరంగా సాగే నెల్లూరు తీరం నావికులకు ఏనాడూ సులువైనది కాదు. పెన్న ఊటుకూరు వద్ద సముద్రంలో కలుస్తుంది. కండలేరు కృష్ణపట్నం వద్ద కలుస్తుంది. ఈ నదీముఖాలలోకి దోనెలు, చిన్న పడవలు రాగలిగేవి గాని, పెద్ద ఓడలు రాలేకపోయేవి. దుర్గరాజుపట్నానికి ఎదురుగా సముద్రంలో ఒక ఇసుకమేట తీరానికి సమాంతరంగా ఉంది. నౌకాపటాలలో దీని పేరు ఆర్మగాన్ మేట. మేటకూ ఒడ్డుకూ నడుమ ఉన్న నీరు కొంత నెమ్మదిగా ఉంటుంది. అక్కడ లంగరు వేయడం తెలిసినవాడికి అది ఆశ్రయం, తెలియనివాడికి అదే గండం. ఈస్టిండియా కంపెనీ 1626లో కోరమాండల్ తీరంలో తన తొలినాటి వర్తకస్థావరాలలో ఒకదాన్ని నెలకొల్పింది ఇక్కడే. మద్రాసు పుట్టుకకు ముందు ఆంగ్లేయుల వస్త్రవర్తకం కొన్నాళ్ళు ఈ ఊరి మీద ఆధారపడింది. 1639లో ఫ్రాన్సిస్ డే మద్రాసు స్థలాన్ని సంపాదించిన తరువాత ఆర్మగాన్ ప్రాధాన్యం పోయింది. అయితే మద్రాసుకు కూడా ఓడరేవు లేదు. ఓడ తీరానికి దూరంగా నిలబడేది. సరుకును కుట్టుపలకల మసూలా పడవలు అలలను దాటించి ఒడ్డుకు చేర్చేవి.

ఈ పడవలను గురించి ఇక్కడే ఒక మాట చెప్పుకోవాలి. కోరమాండల్ వర్తకచరిత్రలు కంపెనీ అధికారులను, ఓడల కెప్టెన్లను పేరుపేరునా తలచుకుంటాయి. కాని ఓడకూ ఒడ్డుకూ మధ్య ఉన్న ఆ కొద్దిపాటి దూరాన్ని దాటించగల నేర్పు ఇక్కడి పల్లెకారులదే. వాళ్ళు లేకుంటే గోదాములోని బట్టల మూట ఓడలోకి చేరదు.

ఋతుపవనాలు ఇంకొక చిక్కు. అక్టోబరు నడుమ నుండి డిసెంబరు నడుమ వరకు ఈశాన్య ఋతుపవన తుపానులకు భయపడి ఓడలు ఈ తీరాన్ని విడిచిపోయేవి. యుద్ధనౌకలు కూడా అందుకు మినహాయింపు కావు. అంటే తీరరక్షణకు కూడా ఒక కాలం ఉండేది. సెప్టెంబరు నెల ఆ కాలానికి చివరి అంచు. వర్తకులు తొందరపడి సరుకు నింపుకొనే రోజులు అవే. శత్రువు వేటకు అనువైన రోజులూ అవే.

రాజకీయంగా నెల్లూరు తీరం అప్పటికి కొత్తగా కంపెనీ చేతికి వచ్చింది. 1801 జూలై 31న ఆర్కాటు నవాబు అజీముద్దౌలాతో కుదిరిన ఒప్పందం ఫలితంగా కర్ణాటక రాజ్యపాలన కంపెనీకి దక్కింది, దానితోపాటే నెల్లూరు జిల్లా కూడా. ఉత్తర సర్కారులు అంతకు మూడున్నర దశాబ్దాల ముందే కంపెనీ వశమయ్యాయి. కాబట్టి 1801 తరువాత పులికాట్ నుండి గంజాం దాకా తీరమంతా ఒకే ప్రభుత్వం కిందికి వచ్చిందని చెప్పవచ్చు. ఆ పొడవాటి తీరానికి కోటలను మించిన రక్షణ కావలసివచ్చింది. ఆ రక్షణ సముద్రం మీద తిరిగే ఓడల రూపంలో వచ్చింది.

2. నౌక, దాని పూర్వసేవ

‘సెంచూరియన్’ కంపెనీ ఓడ కాదు, బ్రిటిష్ రాజనౌకాదళానికి చెందినది. ఇది 1774లో ఇంగ్లండులోని హార్విచ్ వద్ద జలప్రవేశం చేసింది. యాభై ఫిరంగుల ఈ తరగతి ఓడల స్థితి విచిత్రమైనది. పెద్ద యుద్ధాలలో వరుసకట్టి నిలబడే డెబ్బై నాలుగు ఫిరంగుల నౌకలముందు ఇవి బలహీనం, వేగంలో ఫ్రిగేట్ల ముందు ఇవి నెమ్మది. ఐరోపా సముద్రాలలో ఇటువంటి ఓడలకు విలువ తగ్గిపోయింది. దూరదేశాలలో మాత్రం వర్తకనౌకలకు తోడుగా వెళ్ళడానికి, ఒక తీరాన్ని కనిపెట్టుకొని ఉండడానికి అవి పనికివచ్చాయి.

అమెరికా స్వాతంత్ర్యయుద్ధకాలంలో సెంచూరియన్ పశ్చిమార్ధగోళంలో పనిచేసింది. 1778లో సెయింట్ లూసియా పోరులో పాల్గొన్న బ్రిటిష్ నౌకలలో ఇదొకటి. ఆ తరువాతి కాలంలో హిందూమహాసముద్రానికి వచ్చింది. 1794 అక్టోబరు 22న మారిషస్ సమీపంలో రోండ్ ద్వీపం వద్ద కెప్టెన్ శామ్యూల్ ఆస్బోర్న్ నాయకత్వంలో ఇది ఫ్రెంచి ఫ్రిగేట్లతో తలపడింది. తోడుగా వచ్చిన ‘డయోమీడ్’ సరిగా కలిసిరానందున సెంచూరియన్ బాగా దెబ్బతింది. మరుసటి సంవత్సరం ట్రింకోమలీ ముట్టడిలో, 1796లో అంబోయినా, బందా దీవుల స్వాధీనంలో అడ్మిరల్ పీటర్ రైనియర్ దళంతో కలిసి నడిచింది. నెపోలియన్ ఈజిప్టు దండయాత్ర కారణంగా 1799లో ఎర్రసముద్రంలో సూయెజ్ వరకు వెళ్ళింది. అప్పుడు నౌకాధిపతి జాన్ స్ప్రాట్ రైనియర్ ఆ అడ్మిరల్ బంధువే.

1804 నాటికి ఈ ఓడ వయస్సు ముప్పై ఏళ్ళు. కొయ్య ఓడకు అది ముసలితనమే.

3. వేటకు వచ్చిన ఫ్రెంచి దళం

1802 నాటి ఆమియెన్స్ సంధి పుదుచ్చేరి మొదలైన స్థావరాలను ఫ్రాన్సుకు తిరిగి ఇవ్వాలని చెప్పింది. ఆ అప్పగింత కోసం 1803 జూలైలో అడ్మిరల్ షార్ల్ లినోయి పుదుచ్చేరి చేరాడు. యుద్ధం మళ్ళీ మొదలయ్యే సూచనలు అందగానే రాత్రికి రాత్రి తీరాన్ని వదిలి మారిషస్‌కు వెళ్ళిపోయాడు. అప్పటి నుండి అతని పని బ్రిటిష్ వర్తకనౌకలను పట్టుకోవడమే అయింది. 1804 ఫిబ్రవరిలో మలక్కా జలసంధి ప్రాంతంలో పులో ఆవోర్ వద్ద చైనా నుండి వస్తున్న కంపెనీ ఓడలు యుద్ధనౌకలమని నటించి అతణ్ణి భయపెట్టి పంపాయి. నవ్వులపాలైన ఆ అనుభవం అతణ్ణి వెంటాడింది. మారిషస్ గవర్నరు దెకాయన్ అతని మీద బహిరంగంగానే అసంతృప్తి చూపాడు.

ఈలోగా తెలుగుతీరంలో మొదటి చప్పుడు వినిపించింది. 1804 ఏప్రిల్ 11న విశాఖకు దూరంలో బ్రిటిష్ ఫ్రిగేటు ‘విల్‌హెల్మినా’ ‘సైకీ’ అనే ఫ్రెంచి ప్రైవేటు యుద్ధనౌకతో పోరాడింది. విల్‌హెల్మినా కెప్టెన్ హెన్రీ లాంబర్ట్ అప్పుడు ‘విలియం పెట్రీ’ అనే వర్తకనౌకకు తోడుగా వస్తున్నాడు. పోరు తేలకుండానే ముగిసింది, ప్రైవేటు నౌక తప్పించుకుంది.

1804 నడివేసవిలో లినోయి మళ్ళీ బయలుదేరాడు. అతని వెంట డెబ్బై నాలుగు ఫిరంగుల ‘మరెంగో’, ఫ్రిగేట్లు ‘అటలాంట్’, ‘సెమియాంట్’ ఉన్నాయి. బంగాళాఖాతంలో ఆగస్టులో రెండు విలువైన ఓడలను పట్టుకున్నాడు. ఆ తరువాత మద్రాసు కంటబడకుండా తీరానికి చాలా ఎడంగా ఉత్తరానికి సాగాడు. నెల్లూరు సముద్రాన్ని అతడు దాటినది ఈ ప్రయాణంలోనే. ఒడ్డున ఉన్నవారి కంటికి ఆ తెరచాపలు కనబడే అవకాశం లేదు. మేటలు, లోతు తక్కువైన నీళ్ళు ఉన్న ఆ తీరానికి పెద్ద ఓడతో దగ్గరికి రావడం ఫ్రెంచివారికీ క్షేమం కాదు. నెల్లూరు రేవుల పేదతనమే ఈసారి వాటికి కవచమైందనుకోవచ్చు. మచిలీపట్నం దాటిన తరువాత చిన్నచిన్న వర్తకనౌకలు లినోయి చేతికి చిక్కాయి. విల్‌హెల్మినా కొన్ని వర్తకనౌకలతో విశాఖలో ఉందన్న వార్త అతనికి అలా అందింది.

వార్త పాతది. విల్‌హెల్మినా స్థానంలో సెంచూరియన్ వచ్చి చేరింది. కెప్టెన్ రైనియర్ అనారోగ్యంతో ఒడ్డున ఉండిపోవడంతో జేమ్స్ లిండ్ తాత్కాలికంగా నాయకత్వం వహిస్తున్నాడు. ఆ ఓడ రక్షణలో ఉన్న వర్తకనౌకలు రెండు: ‘ప్రిన్సెస్ షార్లెట్’, ‘బార్నబీ’.

4. 1804 సెప్టెంబరు 15

విశాఖలో కంపెనీ స్థావరం 1682 నాటిది. సర్కారు జిల్లాల నేతగాళ్ళు నేసిన వస్త్రాలు ఇక్కడి ప్రధాన ఎగుమతి. రేవు అంటే అప్పటికి కొండ చాటున తెరిపి సముద్రమే, గట్టి ఓడరేవు కాదు. ఆ ఉదయం ఫ్రెంచి తెరచాపలు కనబడినప్పుడు లిండ్ ఒడ్డున ఉన్నాడు. ఓడ మీద బాధ్యత లెఫ్టినెంట్ జేమ్స్ రాబర్ట్ ఫిలిప్స్‌ది. వస్తున్నవి శత్రునౌకలని అతడు గుర్తించి పోరుకు సిద్ధం చేశాడు, కాల్పులు మొదలుపెట్టాడు.

బలాబలాలు పోల్చదగ్గవి కావు. మరెంగో ఒక్కటే సెంచూరియన్‌ను నీటముంచడానికి చాలు. అయితే రేవులోని నీటిలోతు ఫ్రెంచివారికి తెలియదు. మరెంగో ఇసుకమేటను తాకి ఇబ్బందిపడింది. ఒడ్డున ఉన్న ఫిరంగులు కూడా సెంచూరియన్‌కు తోడుగా మోగాయి. ఇంతలో లిండ్ పడవ ఎక్కి, కాల్పుల నడుమనే తన ఓడ చేరుకున్నాడు. నౌకాచరిత్రకారులు ఈ ఘట్టంలో లిండ్ తెగువను మెచ్చుకుంటారు. అలలను దాటించి అతణ్ణి ఓడకు చేర్చడం కూడా తెగువే గదా!

వర్తకనౌకల గతి వేరు. బార్నబీ ఒడ్డు వైపు కొట్టుకొనిపోయి అలలలో పగిలింది. ప్రిన్సెస్ షార్లెట్ ఒక్క ఫిరంగి కూడా పేల్చకుండా లొంగిపోయింది. సెంచూరియన్ తాళ్ళు, కొయ్యలు బాగా దెబ్బతిన్నా అది స్థలం మార్చి మళ్ళీ లంగరు వేసి నిలిచింది. లినోయి రెండోసారి దూరం నుండి కాల్పులు సాగించాడు. మధ్యాహ్నం దాటాక పట్టుకున్న ఓడను తీసుకొని వెళ్ళిపోయాడు. సెంచూరియన్‌లో ఒకడు చనిపోయాడు, తొమ్మిదిమంది గాయపడ్డారు. ఫ్రెంచివైపు ప్రాణనష్టమూ స్వల్పమే.

5. ‘విజయం’ ఎవరిది?

లండన్‌లో ఈ పోరును గొప్ప ప్రతిఘటనగా భావించారు. లిండ్‌కు ‘సర్’ బిరుదు లభించింది. ఫ్రాన్సులో లినోయికి చీవాట్లే మిగిలాయి. మారిషస్ చాలా దూరమనీ, పెద్ద ఓడ దెబ్బతింటే బాగుచేసుకొనే చోటు ఈ సముద్రంలో తనకు లేదనీ అతని వాదం. ఆ వాదంలో నిజం లేకపోలేదు. అప్పటి ఫ్రెంచివారికి భారతతీరంలో ఒక్క రేవు కూడా మిగలలేదు. నెపోలియన్ మాత్రం ఆ జాగ్రత్తను పిరికితనంగానే లెక్కించాడు.

తీరం వైపు నుండి చూస్తే లెక్క మారుతుంది. ఒక తోడునౌకకు అప్పగించిన పని తన వెంట ఉన్న వర్తకనౌకలను కాపాడడం. సెంచూరియన్ వెంట ఉన్నవి రెండు. ఒకటి పగిలిపోయింది, రెండోది శత్రువు పాలైంది. నౌకాదళం తన ఓడను నిలుపుకుంది, వర్తకం తన ఓడలను రెండింటినీ కోల్పోయింది. నౌకాయుద్ధచరిత్ర దీన్ని విజయమన్నది నిజమే గాని, సరుకు పోగొట్టుకున్నవాడి ఖాతాలో అది నష్టం కిందే పడుతుంది. మచిలీపట్నం దాటిన తరువాత చిక్కిన చిన్న ఓడలకైతే తోడే లేదు. పెద్ద సరుకుకు తప్ప గస్తీ ఓడ కాపలా అందేది కాదన్నది ఈ సంఘటన చూపే కఠినసత్యం.

అయినా ఒక ఫలితం కాదనలేనిది. సెంచూరియన్ లొంగిపోయివుంటే, లినోయి ఈ తీరంలో మరికొన్ని రేవులను తట్టేవాడు. గట్టిగా నిలబడిన ఒక్క ముసలి ఓడ అతణ్ణి వెనక్కి తిప్పింది. 1805 ఫిబ్రవరి 14న, ఈసారి ‘శాన్ ఫియొరెంజో’ నౌకపై వచ్చిన లాంబర్ట్, అప్పటికి ఫ్రెంచి నౌకాదళంలో చేరిన అదే సైకీని గంజాం సముద్రంలో పట్టుకున్నాడు. ఏప్రిల్‌లో తప్పించుకున్న వేట ఆ విధంగా చేతికి దక్కింది.

6. తరువాతి కాలం

ఈ పాత్రలలో ఎవరూ ఎక్కువకాలం ఈ సముద్రంలో నిలవలేదు. పీటర్ రైనియర్ 1805లో బాధ్యతలను ఎడ్వర్డ్ పెల్యూకు అప్పగించాడు. అటలాంట్ ఆ ఏడాదే దక్షిణాఫ్రికా తీరాన టేబుల్ బే వద్ద పగిలిపోయింది. స్వదేశానికి మరలిన లినోయి 1806 మార్చి 13న అట్లాంటిక్‌లో బ్రిటిష్ దళానికి చిక్కాడు. మరెంగో కూడా వారి వశమైంది.

నెల్లూరు వైపు ప్రభుత్వదృష్టి సముద్రం నుండి నెమ్మదిగా లోపలికి మళ్ళింది. మద్రాసు నుండి ఎన్నూరు వరకు బాసిల్ కాక్రేన్ తవ్వించిన కాలువ 1806 నాటికి పూర్తయింది. తరువాతి దశాబ్దాలలో అది పులికాట్, దుర్గరాజుపట్నం, కృష్ణపట్నం మీదుగా ఉత్తరానికి సాగి, పెద్దగంజాం వద్ద కృష్ణా కాలువలను చేరింది. 1876–78 కరువుకాలపు పనులతో అతికి, బకింగ్‌హాం కాలువగా పేరు పొందింది. ఉప్పు, కట్టెలు, ధాన్యం ఇసుకదిబ్బల వెనుక నిశ్చలమైన నీటిలో నడిచాయి. అలల భయం లేదు, ఫ్రెంచివారి భయం అంతకుముందే పోయింది.

సెంచూరియన్ యుద్ధజీవితం విశాఖతో దాదాపు ముగిసింది. 1808 నుండి ఉత్తర అమెరికాలోని హాలిఫాక్స్ రేవులో అది కదలని ఆసుపత్రి ఓడగా ఉండిపోయింది. 1824 ఫిబ్రవరిలో లంగరు వేసిన చోటనే మునిగిపోయింది. పైకి తీసి, మరుసటి సంవత్సరం విడగొట్టారు.