మకాన్ అమ్మే ముందు: ఫలక్‌నుమా నుంచి తుర్కయాంజాల్ దాకా

హైదరాబాద్ చరిత్రలో ఇల్లు చూడటానికి వచ్చి, అది నచ్చి, ఇక వెనక్కి పోని ఖరీదార్ ఒకాయన ఉన్నారు. ఆయన ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్. పాయగా అమీర్ నవాబ్ వికారుల్ ఉమ్రా 1884లో కొండ మీద ఫలక్‌నుమాకు పునాది వేశారు. పని దాదాపు తొమ్మిదేళ్లు సాగింది. ఇటలీ పాలరాయి, విలాయతీ సామాను, నూటొక్క మంది ఒకేసారి కూర్చునే దస్తర్‌ఖాన్ బల్ల. మహల్ పూర్తయ్యేసరికి నవాబ్ సాబ్ నెత్తి మీద ఖర్జా కూడా పూర్తిగా పేరుకుంది. నిజాం మెహమాన్‌గా వచ్చారు, చూశారు, మెచ్చుకున్నారు, అక్కడే ఉండిపోయారు. 1890ల చివరికి మహల్ ఆయనదైంది. పేరుకు నజ్రానా. ఆ మర్యాద కింద సొమ్ము కూడా చేతులు మారిందని చెబుతారు.

ఈ కిస్సాని మనవాళ్లు నవాబుల దర్యాదిలీ గురించి చెప్పడానికి వాడుకుంటారు. నాకు మాత్రం ఇది బజార్ కిస్సాలాగా కనిపిస్తుంది. అంత పెద్ద మకాన్‌ను కొనగలిగినవాడు రియాసత్ మొత్తంలో ఒక్కడే. ఆ ఒక్కడికి నచ్చకపోతే మహల్ అమ్ముడుపోదు, ఖర్జా తీరదు. ఇప్పుడు దలాల్‌లు ‘మార్కెట్ డల్లుంది సాబ్’ అంటారే, అది ఇదే. గిరాకీ తక్కువ, ఇళ్లు ఎక్కువ. అలాంటప్పుడు అమ్మేవాడు ఇంటిని ముస్తాబు చేసి ఎదురుచూడాలి.

కింగ్ కోఠీది ఇంకో తమాషా. దాన్ని కట్టించింది కమాల్ ఖాన్. తలుపుల మీద, కిటికీల మీద తన పేరు మొదటి ఇంగ్లిష్ అక్షరాలు ‘కే కే’ చెక్కించుకున్నాడు. భవనం ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ చేతికి వచ్చాక అన్ని తలుపులూ ఎవరు మారుస్తారు? ‘కింగ్ కోఠీ’ అని పేరు పెడితే అక్షరాలు సరిపోయాయి. 1967 ఫిబ్రవరిలో కన్నుమూసే దాకా నిజాం అక్కడే ఉన్నారు. అమ్మిన మనిషి పేరు గోడ మీద మిగిలింది, అర్థం మాత్రం కొన్న మనిషిదైంది.

ఆ తర్వాత అమ్మేవాళ్లు ఎక్కువై, కొనేవాళ్లు తక్కువైన కాలం వచ్చింది. 1948 సెప్టెంబర్‌లో పోలీస్ యాక్షన్. 1949 ఆగస్టులో జాగీర్ల రద్దు. పాత కాగితాల్లో అది 1358 ఫసలీ. జాగీర్ ఆమ్దనీ ఆగింది కానీ దేవిడీ ఖర్చు ఆగలేదు. కప్పు కారుతుంది, నౌకర్లకు తన్ఖా కావాలి, విరాసత్‌లో పది మంది హక్‌దార్లు. కొందరు పాకిస్తాన్ వెళ్లిపోయారు, వాళ్ల ఆస్తుల మీద ఎవాక్యూయీ కానూన్ వచ్చింది. ఉన్నవాళ్లు దేవిడీని ముక్కలుగా అమ్మారు. ముందు ఝూమర్లు, తర్వాత టేకు స్తంభాలు, తలుపులు, చివరికి జమీన్. ఆ ఘరానాల్లో ఇంటిని గాహక్ కోసం తయారు చేయడమంటే రంగులు వేయించడం కాదు. పరదా వెనక ఉన్న జనానాను మొదటిసారి పరాయి మగవాళ్లకు తెరిచి చూపించడం. ఎంత కష్టంగా ఉండి ఉంటుందో మన ఇళ్లల్లో పెరిగినవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు.

ఇక మన తరం మకాన్ల సంగతి. 1973 తర్వాత గల్ఫ్‌లో తేల్ ధర పెరిగింది, మనవాళ్లు వీసాల కోసం లైన్ కట్టారు. వాళ్లు పంపిన దిర్హమ్‌లు, రియాల్‌లు పాతబస్తీలో రెండో అంతస్తులయ్యాయి, ఊరి బయట ప్లాట్లయ్యాయి. సాగర్ రోడ్డు మీద తుర్కయాంజాల్ అలాంటి ఊరే. చుట్టూ పేర్లు చూడండి. ఇబ్రహీంపట్నంలో ఇబ్రహీం కుతుబ్ షా ఉన్నాడు, హయాత్‌నగర్‌లో హయాత్ బక్షీ బేగం ఉంది. మా సాహెబా అని పిలిచే ఆ బేగం పేరు మీదనే సిటీలో మాసబ్ ట్యాంక్ ఉంది, తుర్కయాంజాల్ చెరువు పేరు కూడా మాసబ్ చెరువే. ఊరి పేరులోనే తుర్క ఉంది.

మా ఖాలా వాళ్ల ఇల్లు అక్కడే. ఖాలూ సౌదీలో డ్రైవర్‌గా పనిచేసి, పంచాయతీ లేఔట్‌లో 200 గజాలు కొని, ముందు రెండు గదులు వేసి, తర్వాత డాబా చేశారు. ఖాలూ ఇంతఖాల్ అయ్యాక పిల్లలు తలో చోట స్థిరపడ్డారు. చిన్న మనవరాలి చదువుకు, ఖాలా మోకాలి ఆపరేషన్‌కు పైసలు కావాలి. గేటుకు బోర్డు కట్టారు. మూడు నెలలు ఒక్కరూ రాలేదు. అప్పుడు ఆమె నన్ను పిలిచి అడిగింది: “బేటా, రంగులేపిస్తే గిరాకీ వస్తదా?”

ఒక దలాల్ చాలా చెప్పి వెళ్లాడట. గేటుకు రంగు వేయండి, పాత సామాను తీసేయండి, గోడలకు లేత రంగు పెట్టండి, ట్యూబ్‌లైట్లు మార్చండి. ఇవన్నీ సరైన మాటలే. అమెరికాలో బార్బ్ ష్వార్ట్జ్ అనే ఆమె 1972లో ఇదే పనికి ‘హోమ్ స్టేజింగ్’ అని పేరు పెట్టి దాన్ని ఒక పేషాగా మార్చింది. నాటకంలో స్టేజీ సర్దినట్టు ఇంటిని సర్దడం. మన దగ్గర బిల్డర్ల మోడల్ ఫ్లాట్ కూడా అదే. మా నానీ కాలంలో ఈదుకు, షాదీకి ముందు చూనా కొట్టించేవాళ్లు, ఆ సఫాయీ మెహమాన్ కోసం. ఇప్పటి సఫాయీ ఖరీదార్ కోసం.

చివర్లో దలాల్ ఇంకో మాట అన్నాడట: “అమ్మా, దర్వాజా మీది 786 పలక, హాల్లో తుగ్రా తీసేస్తే మంచిది. వేరేవాళ్లు వచ్చి చూస్తే వెనకాడతారు.”

ఖాలా ఆ మాట నాకు చెప్పేటప్పుడు గొంతు తగ్గించింది. నేను వెంటనే జవాబివ్వలేకపోయాను. దలాల్ చెడ్డవాడేం కాదు, తన తజుర్బా చెప్పాడు. ఇల్లు కొనేవాళ్లు ఆ ఇంట్లో తమ జిందగీని ఊహించుకోవాలని స్టేజింగ్ ఉసూల్ కూడా చెబుతుంది. అందుకే పెళ్లి ఫొటోలు, దేవుడి పటాలు, కప్పులు, షీల్డులు ఎవరింట్లోనైనా తీసి పెట్టమంటారు. అయినా ‘ఫొటో తీసేయండి’ అన్న మాటకు, ‘మీరెవరో తెలియకుండా దాచండి’ అన్న మాటకు ఫరక్ ఉంది. ఆ ఫరక్ ఖాలాకు తెలిసింది. నాలుగు రోజులు ఆలోచించి తుగ్రాను తనే దించి, చీరలో చుట్టి, పెట్టెలో పెట్టింది. “ఇది నాతో వచ్చేది, ఇంటితో పొయ్యేది కాదు, అందుకే తీసిన” అంది. 786 పలక గేటు మీదనే ఉంచింది. “ఎవరింటికి వస్తున్నరో తెలిసి రానియ్” అంది.

ఆ తర్వాత చెమ్మ సంగతి. వంటింటి వెనక గోడకు వానాకాలం చెమ్మ ఎక్కుతుంది. పెయింటర్ లప్పం పెట్టి, పైన రంగు కొడితే ఆరు నెలలు కనపడదన్నాడు. మనకు ఈ మసలా కొత్త కాదు. మదీనా బజార్‌లో ఒక వ్యాపారి ధాన్యం కుప్పలో రసూలుల్లాహ్ సల్లల్లాహు అలైహి వసల్లం చెయ్యి పెట్టి చూస్తే లోపల తడి తగిలిన వాఖియా మదర్సా పిల్లలకు కూడా తెలుసు. తడి ధాన్యం పైన ఉండాలి, కొనేవాడి కంటికి కనపడాలి. ఫిఖ్‌లో దీనికి సంబంధించిన హక్కు పేరు ఖియారె ఐబ్: దాచిన లోపం బయటపడితే కొన్నవాడు సౌదా తిప్పి కొట్టవచ్చు. అంగ్రేజ్‌లు 1882లో చేసిన ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ కూడా దాదాపు అదే అంటుంది: మామూలు జాగ్రత్తతో చూస్తే కనపడని పెద్ద లోపం ఆస్తిలో ఉన్నా, హక్కులో ఉన్నా అమ్మేవాడు చెప్పాలి. మేం లప్పం పెట్టించలేదు. పైపు లీకేజీ వెతికి బాగు చేయించాం. మిగిలిన మరకను అలాగే ఉంచి, వచ్చినవాళ్లకు చూపించాం.

లోపం ‘హక్కులో ఉన్నా’ అన్నాను కదా, అసలు ముష్కిల్ అక్కడ ఉంది. ఇల్లు ఎంత మెరిసినా కాగజ్ సాఫ్ లేకపోతే ఈ రోజు ఎవరూ బయానా ఇవ్వరు. బ్యాంకు లోన్ లేకుండా కొనేవాళ్లు తక్కువ, కాగజ్ లేకుండా లోన్ ఇచ్చే బ్యాంకు లేదు.

మన ఘరానాల్లో ఇది ఎక్కువ తకలీఫ్, ఎందుకంటే మనం చాలా పనులు నోటి మాటతో చేస్తాం. ‘ఈ గది పెద్దోడిది, మిద్దె బిడ్డది’ అని నలుగురి ముందు హిబా చేసేస్తాం. కానూన్ దాన్ని ఒప్పుకుంటుంది. గిఫ్ట్‌కు రిజిస్ట్రీ తప్పనిసరి అన్న నియమం నుంచి ముస్లింల హిబాను 1882 చట్టమే 129వ సెక్షన్‌లో మినహాయించింది. ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన హఫీజా బీబీ కేసులో 2011లో సుప్రీంకోర్టు కూడా ఇజాబ్, ఖబూల్, ఖబ్జా మూడూ ఉంటే రిజిస్ట్రీ లేకున్నా హిబా చెల్లుతుందని చెప్పింది. కానీ కోర్టులో గెలవడం వేరు, గాహక్‌ను నమ్మించడం వేరు. కొనేవాడు సుప్రీంకోర్టు తీర్పు చదవడు. ఎన్కంబరెన్స్ సర్టిఫికెట్ తీసి చూస్తాడు. నోటి హిబా అందులో కనపడదు. అదే 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో, జీపీఏ మీద చేసిన అమ్మకంతో మాలికానా హక్కు రాదని కూడా సుప్రీంకోర్టు తేల్చేసింది. ‘జీపీఏ ఉంది కదా’ అని ధీమాగా ఉన్న ఎందరో గల్ఫ్ భాయీలకు ఆ రోజు నుంచి నిద్ర లేదు.

ఖాలా ఇంటికి పంచాయతీ లేఔట్ గొడవ ఒకటి అదనం. అనుమతి లేని లేఔట్లకు ఎల్‌ఆర్‌ఎస్ 2007 చివర్లో ఒకసారి, 2015లో ఒకసారి, 2020లో మరోసారి వచ్చింది. 2020 ఆగస్టు చివర్లో అనుమతి లేని ప్లాట్ల రిజిస్ట్రేషన్‌కే సర్కార్ బ్రేకులు వేసింది. 2024 జులైలో హైడ్రా వచ్చాక ప్రతి గాహక్ మొదటి సవాల్: “చెరువు ఎఫ్‌టీఎల్‌లో లేదు కదా?” రంగు ఏదని అడిగేది ఆ తర్వాత.

కాబట్టి పెయింటర్ కంటే ముందు మేం పెట్టె తెరిచాం. బయ్‌నామా, లింకు దస్తావేజులు, ఇంటి పన్ను రసీదులు. పై తరం జమీన్ కాగితాలు కొన్ని ఉర్దూలో ఉన్నాయి. సేత్వార్, 1954-55 ఖాస్రా పహాణీ నకలు. ఆ రోజు నా ఉర్దూ మీడియం బడి పనికొచ్చింది. దస్తావేజు, రసీదు, ఖరీదు, హద్దు, జమీను, బయానా... తెలుగువాళ్లందరూ రోజూ వాడే ఈ మాటలన్నీ ఆ కాగితాల నుంచి నడిచి వచ్చినవే. తర్వాత వారసుల సర్టిఫికెట్, ఎన్కంబరెన్స్ సర్టిఫికెట్, ఎల్‌ఆర్‌ఎస్ రసీదు ఒకే ఫైల్‌లో పెట్టాం. ఇద్దరు బిడ్డల హిస్సా షరియత్ ప్రకారం లెక్క కట్టి, అందరి దస్తఖత్‌లు ముందే ఖరారు చేసుకున్నాం. ఆడబిడ్డల సంతకం చివరి రోజు అడగడం మన ఘరానాల్లో పాత బీమారీ. బయానా తీసుకున్నాక ఆగిపోయే సౌదాల వెనక చాలాసార్లు ఇదే ఉంటుంది.

సర్కార్ కూడా ఇదే సబక్ నేర్చుకుంది. రాజీవ్ స్వగృహ కింద బండ్లగూడ, పోచారంలలో మొదలుపెట్టిన టవర్లు ఏళ్ల తరబడి సగంలో నిలబడ్డాయి. 2022లో వాటిని అమ్మకానికి పెట్టినప్పుడు పూర్తయిన ఫ్లాట్‌కు ఒక ధర, పని మిగిలిన ఫ్లాట్‌కు తక్కువ ధర అని ముందే చెప్పేశారు. అదే ఏడాది తుర్కయాంజాల్ పక్కనే తొర్రూరులో హెచ్‌ఎండీఏ ప్లాట్లు వేలం వేసింది. ముందు అక్కడికే జనాన్ని పిలిచి మీటింగ్ పెట్టి, జమీన్ చూపించి, సవాళ్లకు జవాబులు చెప్పింది. సర్కారీ జమీన్, సాఫ్ టైటిల్ అన్నదే అక్కడ పెద్ద రంగు.

ఇంకో పాత దస్తూర్ కూడా మాకు పనికొచ్చింది. షుఫా. ఇల్లు అమ్మేటప్పుడు ముందు హంసాయాను, అంటే పొరుగువాణ్ని అడగాలి. పొరుగు అన్న ఒక్క కారణంతో వచ్చే ఆ హక్కు రాజ్యాంగానికి విరుద్ధమని 1962లో సుప్రీంకోర్టు చెప్పింది, ఇప్పుడు కోర్టుకెళ్లి అడగలేరు. కానీ అదబ్‌గా అడగడానికి ఏ కోర్టూ అడ్డు రాదు. బజార్ మందంగా ఉన్నప్పుడు పొరుగువాడికంటే మంచి గాహక్ ఎవరు? గోడ చెమ్మ అతనికి తెలుసు, బోరులో నీళ్లెంతున్నాయో తెలుసు, గల్లీ తెలుసు. ఖాలా ఎడమ పక్కింటి రెడ్డి గారిని అడిగింది. ఆయనకు అక్కర్లేదు, ఆయన వియ్యంకుడికి కావాలి. ఆయన ఫైల్ చూశారు, చెమ్మ మరక చూశారు, వాస్తు లెక్క చూసుకున్నారు. 786 పలక గురించి ఒక్క మాట అడగలేదు. అడిగిన ధరలో కొంత తగ్గించి, సొమ్మంతా బ్యాంకు ద్వారా తీసుకుని రిజిస్ట్రీ చేశాం. హిస్సాలు పంచిన సాయంత్రం ఖాలా రెండో బిడ్డ ఏడ్చింది. ఇల్లు పోయినందుకు కాదట, ఎవరూ అడగకముందే తన హిస్సా తన చేతిలో పెట్టినందుకు.

మీ ఇంటి గేటుకు కూడా బోర్డు వేలాడుతూ ఉంటే నాది చిన్న సలహా. చూనా కొట్టించండి, గదులు ఖాళీ చేయండి, బల్బులు మార్చండి, అందులో తప్పేం లేదు. దానికి ముందు పెద్దలు బతికుండగానే కూర్చోబెట్టి, నోటి హిబాలను కాగితం మీదికి తెప్పించండి. ఆడబిడ్డల హిస్సా రాయించండి. ఉర్దూ కాగితాలు ఉంటే చదవగలిగిన బుజుర్గ్ దగ్గరికి ఈ వారమే తీసుకెళ్లండి. ఆ లిపి చదివేవాళ్లు ప్రతి మొహల్లాలోనూ తగ్గిపోతున్నారు.

అది మీ వల్ల కాకపోతే కాగితాలు పట్టుకుని నా దగ్గరికి రండి. చదివి పెడతాను. చాయ్ కూడా ఉంటుంది.