ఫైలు ముగింపు గుర్తింపు

పలు ఫైళ్లను వరసగా చదివే ప్రోగ్రాము, ఒక్కో ఫైలు ఎక్కడ ముగిసిందో పసిగట్టే పద్ధతి. తాళపత్ర గ్రంథాల్లో ఈ పని ఆశ్వాసాంత గద్య చేసేది. రాజమహేంద్రవరంలో నన్నయ మొదలుపెట్టిన ఆంధ్ర మహాభారతంలో ఆశ్వాసం చివర కవి పేరు చెబుతూ అది నిలుస్తుంది. మామూలు టెక్స్ట్ ఫైలుకు అలాంటి గద్య ఉండదు.

భారతం 18 పర్వాలను 18 ఫైళ్లుగా, టెక్స్ట్‌ను పంక్తులవారీగా చదివే భాష అయిన ఆక్‌కు ఇచ్చామనుకుందాం. అందులో ఎన్ఆర్ అనే చరరాశి మొత్తం పంక్తులను లెక్కిస్తూ పోతుంది. ఎఫ్ఎన్ఆర్ ప్రతి ఫైలుకూ మళ్లీ 1 నుంచి మొదలవుతుంది. అంటే ఆదిపర్వం అయిపోయిందని సభాపర్వం తొలి పంక్తి చదివాకే తెలుస్తుంది. స్వర్గారోహణ పర్వం తర్వాత ఇంకో ఫైలు లేదు కాబట్టి దాని ముగింపును ఫైళ్లన్నీ అయ్యాక నడిచే ఎండ్ భాగంలో విడిగా చూసుకోవాలి; చాలామంది మరిచిపోయేది ఇదే. ఖాళీ ఫైలైతే అసలు కనబడకుండా జారిపోతుంది. గ్నూ ఆక్‌లోని ఎండ్‌ఫైల్ ప్రతి ఫైలు చివరా నడుస్తుంది, దాన్నీ వదలదు. పెర్ల్‌లో కుండలీకరణాలు లేని ఇఓఎఫ్ ఫంక్షన్ ప్రతి ఫైలు చివరా నిజమవుతుంది. ఖాళీ కుండలీకరణాలు తగిలిస్తే అన్నిటికన్నా చివరి ఫైలు ముగిసినప్పుడే.